వరి కోశాక మొక్కజొన్నకి దున్నాలా వద్దా? తెనాలి రేగడికి ఒక జవాబు, సిద్దిపేట చెలకకి ఇంకో జవాబు

ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీకు తెనాలి దగ్గర రెండెకరాల నల్లరేగడి మాగాణి ఉంది, సాంబమసూరి కోత నవంబరు చివరికో డిసెంబరు మొదటి వారానికో అయిపోతుంది, ఆ వెంటనే మొక్కజొన్న వేయాలి. మీ మామగారు మట్టిని తిరగేసే రెక్కనాగలితో లోతుగా దున్నించమంటున్నారు. ట్రాక్టరు ఆయన రోటవేటర్ (తిరిగే కత్తులతో పై మట్టిని మెత్తగా చేసే పరికరం) రెండుసార్లు తిప్పితే చాలంటున్నాడు. పక్క పొలం వాళ్లేమో అసలు దున్నకుండా కొయ్యకాళ్లలోనే గింజ గుచ్చేస్తున్నారు. ఇది చాలదన్నట్టు సిద్దిపేట వైపు మూడెకరాల ఎర్ర చెలక (ఎర్ర మెట్ట నేల) ఉన్న మీ తోడల్లుడు, అమెరికాలో దున్నడమే మానేశారని వీడియో చూసి, తానూ వచ్చే వానాకాలం దున్నకుండానే మక్కలు వేస్తానంటున్నారు. ఎవరి మాట వింటే దిగుబడి ఎక్కువ వస్తుంది అన్నది మీ ప్రశ్న. అడుగున గట్టిపొరని చీల్చే సబ్‌సాయిలర్ పనికొస్తుందా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీరు దున్నకండి, ఆయన్ని దున్నమనండి. ఒకే పంటకి రెండు జవాబులేమిటి అనిపిస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఈ పొలాలు తిరగడమే ఉద్యోగంగా చేసినవాడిని, కొంచెం పొడవైనా ఓపిగ్గా చదవండి.

దుక్కి దానంతట అది గింజ పెంచదు. దున్నడం వల్ల మారేవి మూడే: ఎన్ని మొక్కలు మొలిచి నిలిచాయి, వేరు ఎంత లోతుకి పోయింది, నేలలో తేమ ఎంతకాలం ఉంది. ఈ మూడూ దున్నకుండానే బాగుంటే దున్నినందుకు మిగిలేది డీజిల్ ఖర్చే. ఈ మూడింట్లో ఏదో ఒకటి దెబ్బతినే నేల అయితే మాత్రం దున్నకపోవడం వల్ల పోయేది చాలా ఎక్కువ.

మొక్కల సంఖ్య ముందు చూద్దాం, ఎందుకంటే మొక్కజొన్నలో చాలామంది నష్టపోయేది అక్కడే. వరి, గోధుమ లాంటివి పిలకలు వేసి ఖాళీలు సర్దుకుంటాయి. మొక్కజొన్న పిలక వేయదు, వేసినా అది కండె ఇవ్వదు, కాబట్టి మొలవని గింజ అంటే రాని కండె అన్నట్టే. 60 సెంటీమీటర్ల సాళ్లలో 20 సెంటీమీటర్లకొక గింజ వేస్తే ఎకరాకి దాదాపు 33,000 మొక్కలు. ఒక్కో కండెకి 130 గ్రాముల గింజ అనుకుని లెక్క వేయండి, 30,000 కండెలు నిలిస్తే 39 క్వింటాళ్లు, 25,000 నిలిస్తే 32న్నర. ఏడు క్వింటాళ్లకి దగ్గరగా తేడా, అదీ ఎరువులో నీళ్లలో ఏ లోపం లేకుండానే. రోటవేటర్ వేశాడా నాగలి వేశాడా అని జనం వాదించుకునే తేడాల్లో చాలా భాగం నిజానికి ఈ మొలకల లెక్కే. మెత్తగా దున్నినా గడ్డలు మిగిలిన చోట గింజకి మట్టి ఆనదు, దున్నకుండా వేసినా గుంత మూయకపోతే గింజ ఎండిపోతుంది, లేదా కాకులు, ఉడతలు ఏరుకుపోతాయి. రెండు పద్ధతుల్లోనూ జరిగేదే.

ఇక మీ రేగడి సంగతి. కృష్ణా డెల్టాలో వరి తర్వాత మినుము చల్లుకోవడం తాతల నాటి అలవాటు, మీ మామగారికి బాగా తెలుసు. పల్లాకు తెగులు, బంగారు తీగ కలిసి ఆ మినుముని దెబ్బతీశాక, 2000 తర్వాతి సంవత్సరాల్లో గుంటూరు, కృష్ణా జిల్లాల మాగాణుల్లో దున్నకుండా మొక్కజొన్న వేయడం మొదలై చాలా వేగంగా పాకింది. ఎవరో వచ్చి నేలని కాపాడండి అని ఉపన్యాసం చెబితే పాకింది కాదది, టైమ్ కలిసొచ్చింది కాబట్టి పాకింది. వరి కోసేసరికి రేగడిలో అడుగున బంకమన్నులా తడి ఉంటుంది. దున్నాలంటే అది పదునుకి (పనికి సరిపడా తేమకి) రావాలి, అందుకు రెండు మూడు వారాలు ఆగాలి. అన్నాళ్లు ఆగితే పైనున్న తేమ పోతుంది, అప్పుడు దున్నితే ఇటుకల్లాంటి పెళ్లలు లేస్తాయి, వాటిని పగలగొట్టడానికి మళ్లీ రోటవేటర్, మొలవడానికి మళ్లీ తడి. ఈలోగా డిసెంబరు అయిపోతుంది.

ఆలస్యమైతే ఏమవుతుందంటే, జనవరి రెండో పక్షం దాటాక వేసిన పైరు పూతకి, గింజ పాలుపోసుకోవడానికి వచ్చేసరికి మార్చి చివర, ఏప్రిల్ ఎండలు తగులుతాయి. 35 డిగ్రీలు దాటిన ఎండలో పుప్పొడి చచ్చుబడుతుంది, పీచు త్వరగా ఎండిపోతుంది, కండె చివర గింజ కట్టదు. దానికి తోడు పూత దశలో నీటి ఎద్దడి, వేడి కలిస్తే మసికుళ్లు తెగులు వచ్చి కాండం లోపల నల్లబడి మొక్క వాలిపోతుంది. అందుకే దున్నకుండా వేసినవాళ్లకి వచ్చే లాభంలో పెద్ద వాటా ఆ మిగిలిన రెండు వారాలదే. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో పడిన గింజకి మీ ప్రాంతంలో ఎకరాకి 30 నుంచి 40 క్వింటాళ్లు రావడం మామూలు విషయమే, దానికి రెక్కనాగలి అక్కర్లేదు.

ఇక్కడ మీ మామగారి అనుమానం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. వరి నాట్లకి నీళ్లు పెట్టి బురదగా దున్ని దమ్ము చేసిన నేల కదా, అడుగున గట్టిపొర ఉంటుంది, వేరు ఎలా దిగుతుంది అంటారు ఆయన. నిజమే, ఏళ్ల తరబడి దమ్ము చేస్తే జానెడు లోతులో గట్టిపొర ఏర్పడుతుంది. కానీ నల్లరేగడికి ఒక గుణం ఉంది, తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బిగుసుకుని పగుళ్లు తీస్తుంది. వరి కోశాక ఆ పగుళ్లే గట్టిపొరని నిలువునా చీలుస్తాయి, వేర్లు ఆ చీలికల వెంట కిందికి దిగి అడుగు తేమ అందుకుంటాయి. అంటే ట్రాక్టరు చేయాల్సిన పనిలో కొంత నేలే చేసుకుంటుంది. ఎర్ర నేలకీ ఇసుక గరపకీ ఈ గుణం లేదు, అందుకే మీ తోడల్లుడు గారికి నేను వేరే జవాబు చెప్తున్నది.

అయితే పగుళ్లతో ఒక చిక్కు ఉంది. అవి వేలు దూరేంత వెడల్పయ్యాక మీరు మొదటి తడి ఇస్తే నీరంతా పగుళ్లలోకి పోయి పొలం చివరికి చేరదు, మోటారు గంటల తరబడి తిరుగుతుంది, పల్లంలో నీళ్లు నిలుస్తాయి. సన్న గీతలుగా ఉన్నప్పుడే తడి పెట్టండి. అదే సమయంలో నెల రోజుల లోపు పైరుకి నీళ్లు నిలవకూడదన్న సంగతీ గుర్తుంచుకోండి, మొక్కజొన్న చిన్నప్పుడు నీళ్లలో ఒకటి రెండు రోజులు నిలబడినా పసుపెక్కిపోతుంది. దున్నని పొలంలో బోదెలు (ఎత్తుగా లేపిన మట్టి వరసలు) ఉండవు కాబట్టి విత్తే ముందే మడి చుట్టూ, మధ్యలో అక్కడక్కడా మురుగు కాలువ తీయించుకోవడం మంచిది. ఇది చాలామంది వదిలేసే పని.

విత్తడం గురించి. వరి కోశాక నేల మీద నడిస్తే మడమ కొద్దిగా దిగి కాలికి బురద అంటకుండా ఉండాలి, అదీ పదును. తాడు పట్టి, కర్రతోనో, సమాన దూరంలో పళ్లున్న ఇనుప చక్రం నెట్టుకుంటూనో గుంతలు చేసి, 4–5 సెంటీమీటర్ల లోతులో గింజ వేయాలి. ఎకరాకి 7–8 కిలోల విత్తనం పడుతుంది. ఆ తర్వాత గుంత మూయాలి. కూలీలు తొందరలో ఇది ఎగ్గొడతారు, మీరు దగ్గరుండి చూసుకోండి. బంకనేలలో గుంత పక్కలు నున్నగా అతుక్కుపోయి మట్టి రాలదు, అందుకని బాగా చివికిన పశువుల ఎరువో ఇసుకో కొంచెం వేసి కప్పిస్తే మొలక బాగా వస్తుంది. తర్వాత తలా ఒక మాట అనుకునే బదులు ఈ ఒక్క పనికి ఇంకో ఇద్దరు కూలీల్ని పెట్టుకోండి.

కోత మిషన్‌తో కోయించారా, చేత్తో కోయించారా మీరు రాయలేదు. మిషన్ అయితే రెండు సమస్యలు. నేల తడిగా ఉండగా తిరిగితే చక్రాల గాడుల్లో మట్టి రాయిలా నొక్కుకుపోతుంది, ఆ గాడుల వెంట పైరు కురచగా ఒక గీతలా కనిపిస్తుంది, మార్చిలో గట్టు మీద నిలబడి చూస్తే మిషన్ ఎటు తిరిగిందో చెప్పేయొచ్చు. రెండోది, మిషన్ వెనక పడే గడ్డి వరస. దాని కింద గింజ మొలవడం కష్టం, మొలిచినా ఆకు లేత పసుపుగా ఉంటుంది. వరిగడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని చాలా తక్కువ, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు తామే వాడుకుంటాయి. కొంతకాలానికి అది తిరిగి వస్తుంది కానీ అప్పటికి పైరు మోకాలెత్తు దశ దాటిపోతుంది. కాబట్టి గడ్డిని కట్టలు కట్టించి అమ్ముకోండి, లేదా పొలమంతా పలచగా పరిపించండి. పలచగా ఉన్న గడ్డి తేమని కాపాడుతుంది, కలుపునీ కొంత అణుస్తుంది. తగలబెట్టొద్దు, దున్నకుండా వేయడం వల్ల నేలకి దక్కే కాస్త లాభం ఆ పొగతోనే పోతుంది.

దున్నని పొలంలో అసలు పరీక్ష కలుపు. నాగలి చేసే పనుల్లో సగం కలుపు చంపడమే, దాన్ని మానేస్తే ఆ పని ఇంకెవరో చేయాలి. విత్తిన రెండు మూడు రోజుల్లో అట్రజిన్ 50 శాతం పొడి మందు, మీలాంటి బరువు నేలలో ఎకరాకి 1200 గ్రాముల వరకు, తేలిక నేలలో 800 గ్రాములు, 200 లీటర్ల నీటిలో కలిపి నేల తడిగా ఉన్నప్పుడు సమంగా పడేట్టు కొట్టాలి. నేల ఎండిపోయి ఉంటే అది పనిచేయదు, డబ్బులు దండగ. వరి మోళ్లు మళ్లీ చిగురు వేస్తుంటే దానికి తోడు పారాక్వాట్ కొట్టడం మీ ప్రాంతంలో అలవాటు. ఆ మందు కడుపులోకి పోతే విరుగుడు లేదు, నేను ఊరికే భయపెట్టడానికి అనడం లేదు. మీ దగ్గర ఇప్పుడు దాని అమ్మకానికి అనుమతి ఉందో లేదో మండల వ్యవసాయాధికారిని అడిగి, ఉంటే మొలక పైకి రాకముందే, ముక్కుకి చేతులకి రక్షణ వేసుకుని మాత్రమే వాడండి, లేకపోతే ఆ మోళ్లని గొడ్లతో మేపించడమో కోయించడమో చేయండి. ఇరవై రోజుల తర్వాత వచ్చే కలుపుకి టెంబోట్రయోన్ లాంటి కలుపు మందులు ఉన్నాయి, డబ్బా మీద రాసిన మోతాదు దాటొద్దు. ఇంకోటి, అట్రజిన్ వేసిన పొలంలో మినుము, పెసర, కంది అంతర పంటగా పెట్టొద్దు, మాడిపోతాయి.

ఎరువుల లెక్క కూడా కొంచెం మారుతుంది. రబీ మొక్కజొన్నకి ఎకరాకి 80 నుంచి 96 కిలోల నత్రజని అవసరం, ఇది దున్నినా దున్నకున్నా ఒకటే. దున్నినవాళ్లు భాస్వరం, పొటాష్ దుక్కిలో కలుపుతారు, మీకు ఆ అవకాశం లేదు కాబట్టి మొక్కకి నాలుగైదు అంగుళాల పక్కన గుంత తీసి వేసి మూయించాలి. యూరియాని గడ్డి మీద చల్లేసి వదిలేస్తే చాలావరకు గాలిలో కలిసిపోతుంది, చల్లితే వెంటనే తడి పెట్టాలి. ఒకేసారి కుమ్మరించకుండా మూడు నాలుగు దఫాలుగా, ఆఖరి దఫా పూతకి దగ్గరగా పడేలా చూసుకోండి. వరి తర్వాత జింకు లోపం బాగా కనిపిస్తుంది, లేత ఆకుల మొదట్లో తెల్లటి చారలు వస్తే అదే.

దున్నకపోవడం వల్ల మీకు నిజంగా తగ్గేది ఒకటుంది. దున్ని బోదెలు వేసినవాళ్లు మోకాలెత్తు దశలో మట్టి ఎగదోస్తారు, దానివల్ల ఊత వేర్లు పట్టు దొరికించుకుంటాయి, గాలివానకి పైరు పడిపోదు. మీ పొలంలో అది కుదరదు. అందుకని కండె మరీ ఎత్తున కాసే, పొడవు పెరిగే హైబ్రిడ్ తీసుకోకండి, కాండం లావుగా ఉండేది అడగండి. మొక్కల్ని మరీ దగ్గరగా పెట్టినా కాండాలు సన్నబడి పడిపోతాయి.

మరి రోటవేటర్? మీరు అడిగిన మూడింట్లో నాకు అన్నింటికంటే నచ్చనిది అదే, ముఖ్యంగా వరి కోసిన తడి నేలలో. చూడ్డానికి పొలం మెత్తగా, అందంగా తయారవుతుంది, అందుకే అందరికీ ఇష్టం. కానీ అది కదిలించేది నాలుగైదు అంగుళాలే. తడి బంకమట్టిలో దాని కత్తులు కింది మట్టిని కోయడమే కాదు, మెత్తి నున్నగా చేస్తాయి, తాపీతో సిమెంటు పాలిష్ పట్టినట్టు. ఏటా అదే లోతులో తిప్పితే దమ్ము పొరకి పైన ఇంకో పొర తయారవుతుంది. పైన గుల్లగా, కింద పళ్లెంలా ఉన్న ఆ నేలలో తడి పెడితే నీళ్లు దిగవు, వేరు అడ్డంగా పాకుతుంది. అలాంటి పొలంలో మొక్క పీకి చూస్తే వేళ్లు ఒక లోతు దాకా వచ్చి మోచేతిలా వంగిపోయి ఉంటాయి. రోటవేటర్ పనికిరాదని కాదు, పదును ఉన్నప్పుడు, ఒకసారి, గడ్డలు పగలగొట్టే వరకు పర్వాలేదు. అన్ని పనులూ దానితోనే చేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను.

మీ మామగారు చెప్పిన రెక్కనాగలి డిసెంబరు పని కాదు, అది వేసవి పని. తుంగ, గరిక లాంటి మొండి కలుపు ఎక్కువైన పొలాల్లో ఎండాకాలం లోతుగా తిరగేస్తే దుంపలు ఎండి చస్తాయి, 2018లో మన దేశానికి వచ్చిన కత్తెర పురుగు కోశాలు కూడా పైకి తేలి ఎండకో కొంగలకో బలవుతాయి. మీరు మొక్కజొన్న తీశాక ఏప్రిల్, మేలో మూడు నాలుగేళ్లకొకసారి అలా దున్నించండి, ఆయన మాటా నిలబెట్టినట్టు ఉంటుంది. వరి కోశాక మాత్రం వద్దని నచ్చజెప్పండి.

ఇప్పుడు మీ తోడల్లుడు గారి చెలక. అమెరికాలో దున్నడం మానేశారన్న మాటలో సగమే నిజం. 1962లో ఒహాయో రాష్ట్రంలోని వూస్టర్‌లో దున్నకుండా మొక్కజొన్న వేసే ప్రయోగం మొదలుపెట్టారు, ఆ మళ్లలో దశాబ్దాల తరబడి అదే పద్ధతి సాగించారు. మురుగు బాగా పోయే వూస్టర్ నేలలో దున్నని మళ్లు దున్నిన మళ్లకి సమానంగానో ఎక్కువగానో పండాయి. అదే రాష్ట్రంలో హాయిట్‌విల్‌లో, నీరు నిలిచే బరువు నేలలో, ఏటా మొక్కజొన్నే వేసినప్పుడు దున్నని మళ్లు వెనకబడ్డాయి, పంట మారిస్తే ఆ తేడా తగ్గింది. ఒకే రాష్ట్రం, ఒకే పద్ధతి, ఫలితం వేరు. పైగా అక్కడ వాళ్ల గొడవ మనది కాదు, గడ్డి కప్పిన నేల వసంతంలో త్వరగా వేడెక్కదు, చలికి గింజ మొలవదు అని వాళ్ల బాధ. సిద్దిపేటలో జూన్‌లో నేల చల్లగా ఉందని ఎవరైనా ఏడుస్తారా!

2015లో నేచర్ పత్రికలో ప్రపంచం మొత్తం మీద జరిగిన 610 అధ్యయనాలని కలిపి లెక్కేసిన ఫలితం వచ్చింది. అన్ని పంటలూ కలిపితే దున్నకపోవడం వల్ల దిగుబడి సగటున 5.7 శాతం తగ్గింది. అయితే మెట్ట ప్రాంతాల్లో, వర్షాధారంగా, పంట చెత్తని నేల మీదే ఉంచి, పంట మార్పిడి కూడా చేసిన చోట 7.3 శాతం పెరిగింది. వీడియోలు చేసేవాళ్లు ఈ రెండో అంకె ఒక్కటే పట్టుకుంటారు. అక్కడ మూడు షరతులున్నాయి: దున్నొద్దు, చెత్త ఉంచు, పంట మార్చు. మన చెలకల్లో రెండోదే కుదరదు. మక్క చొప్ప గొడ్లకి పోతుంది, మిగిలింది ఊరి మేకలు తింటాయి, ఇంకా మిగిలితే మే నెలలో అగ్గిపుల్ల. చెత్త లేకుండా దున్నడం మాత్రం మానేస్తే మిగిలేది గట్టిపడ్డ బోడి నేల, వాన పడితే నీళ్లు దిగకుండా జారిపోతాయి.

ఎర్ర చెలక గుణమే అది, ఎండితే సిమెంటులా బిగుస్తుంది, సేంద్రియ పదార్థం చాలా తక్కువ. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (CRIDA) వాళ్లు హయత్‌నగర్ క్షేత్రంలో ఇలాంటి ఎర్ర నేలల్లోనే జొన్న, ఆముదం మార్చి మార్చి వేస్తూ ఏళ్ల తరబడి చూశారు, తక్కువ దున్నిన మళ్ల కంటే మామూలుగా దున్నినవే మెరుగ్గా పండాయి. జొన్నకీ ఆముదానికీ అలా ఉంటే, వాటికంటే సుకుమారమైన మక్కకి ఇంకా ఎక్కువ తేడా ఉంటుందని నా అంచనా.

కాబట్టి ఆయన ఇలా చేయొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో పడే మొదటి వానకి వాలుకి అడ్డంగా ఒకసారి లోతుగా దున్నించాలి, నిలువుగా దున్నితే మన్ను కొట్టుకుపోతుంది. అప్పుడు పెళ్లలు లేచినా పర్వాలేదు, ఎండకి, తర్వాతి వానకి అవే చివుకుతాయి, జూన్ వానలు వాటి మధ్య దిగుతాయి. పశువుల ఎరువు ఉంటే తోలి, కల్టివేటర్ ఇరుసాళ్లు తోలి, గుంటకతో చదును చేస్తే చాలు. దుమ్ములా మెత్తగా చేయొద్దు. ఎర్ర మట్టి మరీ మెత్తనైతే పెద్ద వాన పడి ఎండ కాయగానే పైన అట్టలా గట్టి పెచ్చు కడుతుంది, మక్క మొలక కింద మెలికలు తిరిగి చచ్చిపోతుంది. ఇక్కడ కూడా రోటవేటర్ మీద నా పేచీ అదే. ఒకవేళ పెచ్చు కడితే మొలక రాకముందే తేలికపాటి దంతె తోలించాలి.

50–60 మిల్లీమీటర్ల వాన పడ్డాక మాత్రమే విత్తాలి, వాలుకి అడ్డంగా బోదెలు వేసి బోదె పక్కన గింజ పెడితే వాన ఎక్కువైనప్పుడు నీళ్లు కాలువలో పోతాయి, తక్కువైనప్పుడు అక్కడే నిలుస్తాయి. ఇరవై, ముప్ఫై రోజులప్పుడు గుంటక తోలి అంతరసేద్యం చేయడం చెలకలో తప్పనిసరి, అది కలుపు కోసమే కాదు, పై మట్టి గుల్లబడితే కింది తేమ త్వరగా ఆరిపోదు. వానకి వానకి మధ్య పదిహేను రోజులు ఎండ కాస్తే పైరుని నిలబెట్టేది ఇదే.

నల్లరేగడి మెట్టలో వానాకాలం మక్క వేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకో మాట. మీకు దుక్కి కంటే మురుగు ముఖ్యం. పటాన్‌చెరు ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థలో 1976 నుంచి నల్ల నేలలో మీటరున్నర దూరంలో వెడల్పు మళ్లు, మధ్యలో కాలువలు వేసి, మంచి విత్తనం, ఎరువు, కంది అంతర పంట కలిపి సాగు చేస్తూ వచ్చారు. హెక్టారుకి (దాదాపు రెండున్నర ఎకరాలకి) సగటున 5.1 టన్నుల గింజ, పక్కనే పాత పద్ధతిలో 1.1 టన్నులు. అంత తేడా మళ్లు వేసినందుకే వచ్చిందని నేను చెప్పను, విత్తనం ఎరువుల పాత్ర పెద్దదే. కానీ ఆ నేలలో వానాకాలం పంట నిలబడటానికి ఆ కాలువలే దారి ఇచ్చాయి.

మీరు అడిగిన సబ్‌సాయిలర్ సంగతి. అడుగు, అడుగున్నర లోతులో గట్టిపొరని చీల్చే ఒకే కొర్రు అది. గట్టిపొర ఉన్న ఎర్ర నేలలో, అదీ వేసవిలో నేల బాగా ఎండి ఉన్నప్పుడు వేస్తే పనిచేస్తుంది, తడిలో వేస్తే సన్న గాటు పడి మళ్లీ మూసుకుపోతుంది. పొర లేని నేలలో దాదాపు ఏమీ కనిపించదు. ఉందో లేదో తెలుసుకోవడానికి ఏ మిషనూ అక్కర్లేదు, వాన పడ్డ రెండు రోజులకి ఒక సన్న ఇనుప ఊచ గుచ్చండి, సులువుగా దిగుతూ దిగుతూ ఒకచోట ఆగిపోయిందంటే అక్కడ ఉన్నట్టే. పొలంలో నాలుగైదు చోట్ల చూడాలి, గట్టు దగ్గర, ట్రాక్టరు మలుపు తిరిగే చోట చూసి అదే పొలమంతా అనుకోకూడదు.

పదును కూడా ఇలాగే చేత్తో చూసుకోవాలి. పై మట్టి కాదు, జానెడు లోతు నుంచి పిడికెడు తీసి ఉండ చేయండి. అరచేతుల మధ్య నలిపితే పెన్సిల్ అంత సన్నటి పుల్లలా సాగుతుందంటే ఇంకా తడి ఎక్కువ, ట్రాక్టరు దింపొద్దు. నడుము ఎత్తు నుంచి వదిలితే నాలుగు ముక్కలయిందా, దున్నుకోవచ్చు. ట్రాక్టరు ఆయన ఇవాళ తప్పితే వారం దాకా దొరకను అంటాడు, ఆ టెన్షన్‌లో చాలామంది తడిలోనే దింపేస్తారు.

ఇంట్లో ఇంకా వాదన తెగకపోతే ఒక పని చేయండి. రెండెకరాల్లో అరెకరం మామగారు చెప్పినట్టు దున్నించండి, ఒకటిన్నర దున్నకుండా వేయండి, విత్తనం, ఎరువు మాత్రం ఒకటే. ఇరవై రోజులకి ఒక సాలులో 6.75 మీటర్ల పొడవు కొలిచి అందులోని మొక్కలు లెక్కపెట్టండి, 60 సెంటీమీటర్ల సాళ్లయితే ఆ అంకెని వెయ్యితో గుణిస్తే ఎకరాకి ఎన్ని మొక్కలో వస్తుంది, లెక్కపెట్టిన మొక్కలు 28కి తగ్గకూడదు. కోతప్పుడు రెండు భాగాలూ విడివిడిగా తూకం వేయించి, గింజలో తేమ కూడా రాసుకోండి, ఎందుకంటే ఆలస్యంగా వేసిన దాంట్లో తేమ ఎక్కువుండి తూకం ఎక్కువ కనిపిస్తుంది. దున్నిన ఖర్చు, అదనపు తడి ఖర్చు తీసేశాక ఎవరికి ఎంత మిగిలిందో చూడాలి, క్వింటాళ్లు ఒక్కటే చూస్తే సరిపోదు.

మీ తోడల్లుడు గారిని మొదటి వానకి ఆ ఊచ గుచ్చి ఎన్ని అంగుళాల దగ్గర ఆగిందో రాయమనండి, ఆ చెలకలో వరి ఎప్పుడైనా వేశారా లేదా కూడా. అది తెలిస్తే సబ్‌సాయిలర్ అద్దెకి తెచ్చుకోవాలో వద్దో చెప్తాను.